షుగర్ నార్మల్

"జరగండి, జరగండి! కాళ్ళు లోపలికి పెట్టుకోండి. వేడి పాలు మీద పడితే తర్వాత నన్ననకండి!"

పొద్దున ఆరున్నరకు మూడో అంతస్తులో లిఫ్టు తలుపు పూర్తిగా తెరుచుకోకముందే ఆ గొంతు బయటికి వచ్చేసింది. దాని వెనకాల ట్రాలీ వచ్చింది. ట్రాలీ వెనకాల ఆమె వచ్చింది. ఆ ట్రాలీకి నాలుగు చక్రాలుంటే తిరిగేవి మూడే. నాలుగోది మొండికేసి నేలని గీసుకుంటూ వస్తుంది. దాన్ని దారిలో పెట్టడానికి ఎడమ మోచేత్తో నెట్టి నెట్టి, ఇరవైమూడేళ్ళలో ఆమె ఎడమ భుజం కుడిదానికంటే ఒక వేలెడు కిందికి దిగింది. ఆస్పత్రిలో అందరూ ఆమెను హారన్ అక్క అంటారు. చాటుగా కాదు, ముఖం మీదే. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందక్కా" అని నర్సులు ఆటపట్టిస్తే, "మంచి నోటికి దారిచ్చినవాణ్ణి ఈ వరండాలో నేనింకా చూడలేదు" అంటుంది.

పొట్టి మనిషి. సాయంత్రానికి పాదాలు వాచి చెప్పుల పట్టీలు చర్మంలో దిగబడతాయి. వేళ్ళ కొసలు వేడి గ్లాసులు పట్టుకుని పట్టుకుని మొద్దుబారిపోయాయి. ఆస్పత్రి వెనక వీధిలో, మేడమీద ఒంటిగదిలో ఉంటుంది. భర్త పాతికేళ్ళ కిందట ఒక సంచీ సర్దుకుని పది రోజుల్లో వస్తానని వెళ్ళాడు. "ఆయన లెక్కలో ఆ పది రోజులు ఇంకా అయినట్టు లేదు" అని తనే జోకులేస్తుంది. ఎదుటివాళ్ళు నవ్వాలో వద్దో తెలియక నీళ్ళు నములుతుంటే, ఆమె ట్రాలీ నెట్టుకుంటూ ముందుకెళ్ళిపోతుంది.

మూడో అంతస్తు ఆపరేషన్ల వార్డు. ముప్ఫై మంచాలు. కిటికీల వైపు వాళ్ళు ఆపరేషన్ కోసం ఎదురుచూసేవాళ్ళు, గోడ వైపు వాళ్ళు అయిపోయినవాళ్ళు. ఎముకల మీద చర్మం మాత్రమే మిగిలినవాళ్ళకు డాక్టర్లు వెంటనే కత్తి పెట్టరు. పది రోజులో పదిహేను రోజులో పొడి కలిపిన పాలు పట్టించి, ఒంట్లోకి కాస్త సత్తువ వచ్చాకే పెడతారు. అయిపోయాక గాయం మానడానికీ అవే పాలు. వార్డులో వాటిని బలం పాలంటారు. రోజుకు మూడుసార్లు, ఆమె చేతుల మీదుగానే అందరికీ అందుతాయి. ఎవరి పేరూ ఆమెకు తెలియదు, అన్నీ నంబర్లే. అయినా ఏ నంబరు గుడ్డులో పచ్చసొన వదిలేస్తుందో, ఏ నంబరు పాలు కిటికీలోంచి ఒంపేస్తుందో ఆమెకు తెలుసు.

పద్నాలుగో నంబరు తాళాలు బాగుచేసే ఆయన. అరవై దాటాయి. పేగులో గడ్డ అని పద్ధెనిమిది రోజుల కిందట వచ్చాడు. వచ్చినప్పుడు మంచం మీద ఆయన కంటే దుప్పటే బరువుగా కనిపించేది. పైగా షుగరు. పది రోజులు ఒళ్ళు దగ్గర పెట్టుకుని, చెప్పినవి తిని, ఇచ్చినవి తాగి, షుగరును దారికి తెచ్చుకుని ఆపరేషన్ చేయించుకున్నాడు. గడ్డ తీసేశారు. అంతా బాగుందన్నారు. అప్పటినుంచి ఎనిమిది రోజులుగా ఏదీ బాగా లేదు. కోత మానలేదు. చీము పట్టింది. జ్వరం తగ్గడం లేదు.

ఆమె ట్రాలీ ఆగేసరికి సిస్టర్ ఆయన వేలు గుచ్చి మిషన్ చూస్తోంది.

"మూడొందల నలభై. నిన్న మూడొందల పది. రోజూ ఇన్సులిన్ పెంచుతున్నాం, రోజూ ఇదీ పెరుగుతోంది. ఏం తింటున్నారండీ?"

"మీరు పెట్టిందేనమ్మా."

"మేం పెట్టిందానికి ఇంత పెరగదు."

కిటికీ దగ్గర ఆయన భార్య నిలబడి ఉంది. బయట చూడ్డానికి గోడ తప్ప ఏమీ లేదు, అయినా అటే చూస్తోంది. "ఆయనకు చెప్పండి సిస్టర్," అంది వెనక్కి తిరక్కుండానే. "ప్రాణం మీదికి వచ్చింది, ఇప్పుడైనా నిజం చెప్పమని."

ఆమె భర్తతో మాట్లాడటం మానేసి రెండు రోజులైంది. అంతకు రెండు రోజుల ముందు మంచం పక్క బీరువాకు ఇంటినుంచి తాళం తెచ్చి వేసింది. లోపల చుట్టాలు తెచ్చిన పళ్ళు, తను తినడానికి దాచుకున్న బిస్కెట్లు ఉన్నాయి. తాళం వేశాక కూడా షుగరు పెరిగింది. తాళాలాయనకు తాళం ఒక లెక్కా అని వార్డంతా నవ్వింది. ఆ నవ్వుతో ఆమె నోరు కట్టేసుకుంది.

"దొంగతిండి తింటే పుండు మానుతుందా అన్నా?" అంది హారన్ అక్క, గ్లాసు మూత తీసి ఆయన చేతిలో పెడుతూ. "నీకు లేని బాధ మాకెందుకు? తాగు. అడుగున ఏం మిగలకూడదు."

ఆయన ఆమె వైపు చూశాడు. "నేను తినలేదు చెల్లెమ్మా," అన్నాడు. తర్వాత, చెప్పిన మాట వినే పిల్లవాడిలా, అడుగు కనిపించేదాకా తాగాడు.

తొమ్మిదింటికి పెద్ద డాక్టరు వచ్చి కట్టు విప్పి చూశాడు. ముఖం చిట్లించాడు. మధ్యాహ్నం రెండింటికి మళ్ళీ తెరిచి కడగాలి, అప్పటిదాకా నోటికి ఏమీ ఇవ్వొద్దు అన్నాడు. ఈ షుగరుతో మత్తు ఇవ్వడం కష్టమే గాని, వదిలేస్తే ఇంకా కష్టమన్నాడు. డాక్టరు వెళ్ళాక హారన్ అక్క ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ వచ్చింది. పద్నాలుగో మంచం దగ్గర గొడవగా ఉంది.

"చూడండి, మీరే చూడండి!" తాళాలాయన భార్య బీరువా వైపు వేలు చూపిస్తూ సిస్టర్‌తో అంటోంది. "చీమలు కూడా సాక్ష్యం చెబుతున్నాయి. లోపల ఏదో తెరిచి తిన్నాడు కాబట్టే కదా చీమలు పట్టాయి!"

ఆయన కళ్ళు మూసుకున్నాడు.

హారన్ అక్కకు చీమలంటే పని. గుడ్డ తీసుకుని వంగింది. చీమల బారు నేల మీంచి బీరువా కాలెక్కి, తలుపు సందును పట్టించుకోకుండా, తాళాన్ని చుట్టి కూడా వెళ్ళకుండా, నేరుగా పైకి పోయింది. పైన గ్లాసు పెట్టి తీసిన చోట గుండ్రంగా తడి మరక ఉంది. చీమలన్నీ ఆ గుండ్రం చుట్టూ చేరాయి. ఇంకెక్కడా ఒక్కటి కూడా లేదు.

ఆమె పక్కకు జరిపి ఉన్న ఖాళీ గ్లాసు ఎత్తి, అడుగున మిగిలిన చుక్కను వేలికి అంటించుకుని నాలుక మీద పెట్టుకుంది.

వంటశాలలో రెండు స్టీలు డ్రమ్ములుంటాయి. ఒకదాని మీద 'షుగర్' అని, రెండోదాని మీద 'నార్మల్' అని రంగుతో రాసి ఉంటుంది. షుగర్ అంటే షుగరున్నవాళ్ళకు ఇచ్చేది, అంటే చక్కెర లేనిది. నార్మల్ అంటే మామూలు వాళ్ళది, అంటే చక్కెర దండిగా ఉన్నది. కొత్తగా చేరినవాళ్ళు మొదటి వారం తికమకపడి తిట్లు తింటారు. రెండిటి రంగూ ఒకటే. రుచి మాత్రం ఆమెకు బాగా తెలుసు. మిగిలిపోయిన గ్లాసులతో ఎన్నో మధ్యాహ్నాలు కడుపు నింపుకున్న మనిషి. ఇది నార్మల్ డ్రమ్ములోది.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ముందు మండింది తన మీదే. ఆపరేషనైన రెండో రోజో మూడో రోజో ఈయన చెప్పాడు. "చెల్లెమ్మా, పాలు మారినట్టున్నాయి, తియ్యగా ఉన్నాయి" అన్నాడు. "తియ్యగా ఉంటే అదృష్టమనుకుని తాగన్నా, అవతల పదహారు మంది ఉన్నారు" అని తను కసిరింది. ఆ తర్వాత కూడా రోజుకు మూడు గ్లాసులు, దగ్గరుండి, అడుగు కనిపించేదాకా తనే తాగించింది. తాగించి దొంగతిండి అన్నది.

ఆ మాట అనిపించుకోవడం ఎలా ఉంటుందో ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు? వచ్చిన కొత్తలో, గిన్నెలు తోమే పనిలో ఉండగా, ఒకరోజు గుడ్లు తగ్గాయి. గేటు దగ్గర అందరి ముందూ ఆమె సంచీ బోర్లించారు. దువ్వెన, మాసిన తువ్వాలు, తలనొప్పి మాత్రలు నేల మీద పడ్డాయి. గుడ్లు బండివాడే తక్కువ దించాడని మర్నాడు తేలింది. తేలిన సంగతి గేటు దగ్గర ఎవరూ చెప్పలేదు. ఆమె వంగి దువ్వెన ఏరుకోవడం చూసినవాళ్ళలో సగం మంది ఆమె దొంగేననుకుంటూ రిటైరయ్యారు.

మంచం కాళ్ళ వైపు ప్లాస్టిక్ కవరులో చీటీ వేలాడుతోంది. ఆమె దాన్ని మొదటిసారి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. ఆపరేషన్ రోజు తేదీ. దాని పక్కన సిస్టర్ చేతిరాతతో: షుగర్ నార్మల్.

ఆమె ట్రాలీని అక్కడే వదిలేసి మెట్లు దిగింది. మోకాళ్ళు మొత్తుకున్నాయి. మొత్తుకోనిచ్చింది.

వంటశాల సూపర్‌వైజరు ఆమెకు తమ్ముడి వయసువాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఆమె చెప్పింది విని, జాబితా తీసి పద్నాలుగో వరుస మీద వేలు పెట్టాడు.

"షుగర్ నార్మల్ అని ఉంది. అందుకే నార్మల్లోంచి పోయించా. తప్పేముంది?"

"సార్, రక్తంలో షుగరు నార్మల్‌గా ఉందని సిస్టర్ రాసింది. పాలు నార్మల్ ఇమ్మని కాదు."

"అయితే అలా రాయాలి. నేను చీటీలో ఉన్నది ఎక్కిస్తాను. జ్యోతిష్యం చెప్పను."

"ఎనిమిది రోజులు, సార్. షుగరు మనిషికి రోజుకు మూడు గ్లాసుల చక్కెర నీళ్ళు. పుండు కుళ్ళిపోయింది. పెళ్ళాం ఆయన్ని దొంగ అంటోంది."

అతనికి చీమ కుట్టినట్టయినా లేదు. తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "సరే. రేపటి జాబితాలో మార్చేస్తా. ఎవరికీ చెప్పకు. ఊరికే రాద్ధాంతం అవుతుంది. నీ పని పంచడం, నువ్వు పంచావు. నిన్నెవరూ ఏమీ అనలేదు కదా?"

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, అంటూనే అతను జేబులో పెన్నులు సర్దుకున్నాడు. ఆమె అతని ముఖాన ఏదైనా కొట్టాలనుకుంది. చేతిలో గుడ్డ తప్ప ఏమీ లేదు.

మళ్ళీ మూడంతస్తులు ఎక్కింది. సిస్టర్‌కు చీటీ చూపించింది. సిస్టర్ దాన్ని చదివింది, తర్వాత ఆమె ముఖం చూసింది. ముప్ఫై ఏళ్ళ పిల్ల, రాత్రి డ్యూటీలు చేసి కళ్ళ కింద నలుపు తేలిన పిల్ల. ఆ పిల్ల చీటీలోని తేదీ మీద వేలు పెట్టింది.

"ఆ రోజు నూట ఇరవై వచ్చిందక్కా. పది రోజులు కష్టపడ్డారు కదా, సంతోషంగా రాశాను."

"నిన్ను అనడానికి రాలేదు. ముందు ఇది మార్చు. ఊరికే నేను గ్లాసు ఆపేస్తే కుదరదు. ఆ చక్కెరకని ఇన్సులిన్ పెంచారు. ఇప్పుడు చక్కెర ఆపి సూది మాత్రం అలాగే పొడిస్తే కళ్ళు తిరిగి పడిపోతాడు. డాక్టరుతో చెప్పు."

సిస్టర్ ఆ పని చేసింది. ఆపరేషన్ గదికి ఫోను చేసి, ఉన్నదున్నట్టు చెప్పింది. ఇన్సులిన్ ఎంత, ఎప్పుడు, అంతా కొత్తగా రాసుకుంది. చీటీ మార్చింది. అంతవరకూ హారన్ అక్క ఆ పిల్లను మెచ్చుకుంది.

"మరి ఆవిడకు ఎప్పుడు చెబుతావు?"

"ఇప్పుడెందుకక్కా? రెండింటికి లోపలికి తీసుకెళ్తారు. టెన్షన్‌లో ఉంది. అయ్యాక నెమ్మదిగా చెబుదాం. పైవాళ్ళను అడిగి..."

పైవాళ్ళంటే ఎవరో, వాళ్ళు ఏమంటారో ఇరవైమూడేళ్ళుగా చూస్తున్న మనిషికి చెప్పనక్కర్లేదు. తిలాపాపం తలా పిడికెడు పంచుకుని అందరూ చేతులు కడుక్కుంటారు. ఆ నెమ్మది ఎప్పటికీ రాదు. ఆయన మాత్రం తినని తిండికి దొంగగా ఆ తలుపులోకి వెళ్తాడు.

పన్నెండింటికి మధ్యాహ్నం ట్రాలీ ఎక్కింది. సూప్, రొట్టె, ఉడికించిన గుడ్డు. పద్నాలుగో నంబరుకు ఇవ్వాల్సింది ఏమీ లేదు. అయినా ట్రాలీ అక్కడే ఆగింది.

"వదినా, ఇటు తిరుగు," అంది.

తాళాలాయన భార్య తిరిగింది.

తర్వాత హారన్ అక్క చెప్పింది. ఆమెకు గుసగుస చేతకాదు, చేతనైనా ఆ రోజు చేసేది కాదు. ఆ చివర ముప్ఫయ్యో మంచం దాకా వినబడేలా చెప్పింది. "అన్న దొంగతిండి తినలేదు. ఒక్క బిస్కెట్ ముక్క తినలేదు. ఆయన ఒంట్లోకి పోయిన చక్కెరంతా నేను ఇచ్చిందే. వంటింట్లో డ్రమ్ము మారింది. రాసిన మాట ఒకటి, చదివినవాడికి అర్థమైంది ఇంకొకటి. ఈయన నాకు చెప్పాడు తియ్యగా ఉందని. నేనే వినిపించుకోలేదు. అనాల్సిన మాట ఏదైనా ఉంటే నన్నను. ఆయన్ని అనకు."

వార్డులో చెంచాల చప్పుడు ఆగిపోయింది. సిస్టర్ బల్ల దగ్గర తలవంచుకుని నిలబడింది. ఆపడానికి మాత్రం రాలేదు.

తాళాలాయన భార్య మంచం దగ్గరికి నడిచింది. రెండు రోజుల తర్వాత మొదటిసారి ఆయన ముఖంలోకి చూసింది.

"తియ్యగా ఉందని నాకెందుకు చెప్పలేదు?"

"ముందు మామూలేననుకున్నా. తర్వాత చెబుదామంటే," అన్నాడాయన. "నువ్వు మాట్లాడట్లేదు కదా."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఆయన పక్కకు జరగలేడు, అయినా జరిగినట్టు చేసి ఆమెకు చోటిచ్చాడు. ఆమె కూర్చుని, ఆయన నుదురు తన అరచేత్తో తుడిచింది. తుడుస్తూనే తిట్టింది. "ఆ తాళం తీసి నా మొహాన కొట్టొచ్చు కదా! ఎన్ని తాళాలు తీశారు, దీన్ని తీయలేరా?"

"తలపిన్ను చాలు దానికి. నువ్వు వేశావని ముట్టుకోలేదు." ఆయన హారన్ అక్క వైపు తిరిగాడు. ఇన్ని రోజుల్లో ఆయన నవ్వడం ఆమె చూడలేదు. "చెల్లెమ్మా, నీ గొంతు ఇన్నాళ్ళూ దారి జరగడానికే అనుకున్నా."

"సూప్ చల్లారిపోతోంది," అని ఆమె ట్రాలీని కదిపింది. ఇంకాసేపుంటే తన పరువు పోయేలా ఉంది.

రెండింటికి స్ట్రెచర్ వచ్చింది. రెండున్నరకు ఆమెకు వంటశాల నుంచి పిలుపు వచ్చింది. సూపర్‌వైజరు బల్ల మీద టైపు చేసిన కాగితం ఉంది. అతనే చదివి వినిపించాడు. పద్నాలుగో నంబరుకు ఇవ్వవలసిన గ్లాసును వార్డులో పంచేటప్పుడు పొరపాటున మార్చి ఇచ్చాను, ఇందుకు పూర్తి బాధ్యత నాదే.

"సంతకం పెట్టు. వారం ఇంట్లో కూర్చో. గొడవ చల్లారాక చూద్దాం. పెట్టనంటావా, రేపటినుంచి రానక్కర్లేదు. వార్డంతా చాటింపు వేశావుగా."

"గ్లాసు మీద నంబరు వేసేది మీరు సార్. నేను మార్చడానికి నా దగ్గర డ్రమ్ములు లేవు."

"నువ్వు కాకపోతే ఎవరు? నేను రాయలేదు, సిస్టర్‌ని అనలేం."

"ఔను. అనడానికి నేనొక్కదాన్నే తేలిగ్గా ఉన్నా." ఆమె కాగితాన్ని ముట్టుకోలేదు. "సాయంత్రం పాలు పంచాలి. పంచి వచ్చి చెబుతా."

అతను గడియారం చూసుకున్నాడు. కాగితం అక్కడే వదిలి, పెన్ను దాని పక్కన పెట్టి, వెళ్ళిపోయాడు.

నాలుగున్నరకు ట్రాలీ మళ్ళీ మూడో అంతస్తులో ఆగింది. లిఫ్టు బయట బెంచీ మీద తాళాలాయన భార్య కూర్చుని ఉంది. ఒళ్ళో సంచీ. పక్కన ఎవరో బంధువు ఫోనులో అంబులెన్సు సంగతి మాట్లాడుతున్నాడు. అడగాల్సిన పని లేకపోయింది. ఆపరేషన్ బల్ల మీదనే పోయాడని, ఇంకా కడగడం పూర్తవకముందే గుండె ఆగిందని తర్వాత సిస్టర్ చెప్పింది.

హారన్ అక్క ఆమె ముందు నిలబడింది. నోరున్నందుకు జీవితంలో మొదటిసారి సిగ్గేసింది.

"గంటన్నర మాట్లాడాను వదినా," అంది తాళాలాయన భార్య నేల వైపు చూస్తూ. "నువ్వు చెప్పాక, వాళ్ళు తీసుకెళ్ళేదాకా. ఒక్క నిమిషం ఆపలేదు." ఒళ్ళో సంచీని దగ్గరికి లాక్కుంది. "రెండు రోజులు మాత్రం పోయాయి."

హారన్ అక్క ఆమె భుజం మీద చెయ్యి వేసి, అలాగే కొంతసేపు ఉంచింది. తర్వాత వార్డులోకి వెళ్ళింది. ఆ రోజు దారి జరగమని ఎవరినీ అడగలేదు. వాళ్ళే జరిగారు. ఒక్కొక్కరికీ గ్లాసు ఇచ్చింది. మూతలు తీసి ఇచ్చింది. చేతులు వణికేవాళ్ళ దగ్గర ఆగి తాగించింది. షుగరున్న ఐదుగురి గ్లాసులూ వేలితో రుచి చూశాకే ఇచ్చింది. ఎవరైనా అసహ్యించుకుంటే అసహ్యించుకోనీ అనుకుంది.

గోడ వైపు పద్నాలుగో మంచం మీద పరుపు మడిచేసి ఉంది. ట్రాలీలో ఇంకొక గ్లాసు మిగిలింది. దాని మీద పద్నాలుగు అని ఉంది. తొమ్మిది నుంచి నోటికి ఏమీ ఇవ్వొద్దన్న మనిషికి, అరగంటగా లోకంలోనే లేని మనిషికి, పొద్దున్నే ఎక్కించిన జాబితా ప్రకారం వంటశాల పాలు పంపింది. ఆమె మూత తీసి వేలు ముంచింది. తియ్యగా ఉంది. మార్చమని తను నోరు పగిలేలా మొత్తుకున్న రోజే, అదే డ్రమ్ములోంచి పోశారు.

ఏడుపు రాలేదు. వచ్చుంటే బాగుండేదేమో. కోపంతో చెవులు గుయ్యిమన్నాయి. ఖాళీ ట్రాలీని దాని చోట నిలబెట్టింది. తలకున్న తెల్లటోపీ తీసి హ్యాండిల్‌కు తగిలించింది. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ఒలకకుండా, ఒక్కో మెట్టూ దిగింది.

సూపర్‌వైజరు గదిలో ఎవరూ లేరు. ఫ్యాను తిరుగుతోంది, కాగితం కొసలు ఎగురుతున్నాయి. ఆమె వెనక గేటులోంచి బయటికి నడిచేసరికి ఇంకా వెలుగుంది. దుకాణాలు తెరిచే ఉన్నాయి. ఎవరూ ఆమె సంచీ అడగలేదు, ఆమె వెనక్కి చూడలేదు.

అతని బల్ల మీద, ఆమె సంతకం చేయాల్సిన చోట సరిగ్గా, నీలి సిరాతో పద్నాలుగని రాసిన గ్లాసు నిలబడి ఉంది. లోపలి పాలు చల్లారి, నెమ్మదిగా మీగడ కడుతున్నాయి.